అడగకుండా రాసిన పేరు

సెలవులో ఉన్నప్పుడు మన మెయిల్ నుంచి దానంతటదే వెళ్ళే జవాబు ఉంటుంది చూడండి, అవుట్ ఆఫ్ ఆఫీస్ మెసేజ్, అది రాయడంలో ఇంగ్లండులోని మా స్విండన్ ఆఫీసులో నన్ను మించినవాడు లేడని నాకో పొగరు ఉండేది. ఎప్పటినుంచి ఎప్పటిదాకా ఉండను, అర్జెంటైతే ఎవరిని అడగాలి, వాళ్ళ ఫోన్ నంబరేమిటి. అంతే, మూడు లైన్లు. ‘సెలవులో ఉన్నాను, వచ్చాక చూస్తాను’ అని రాసి చేతులు దులుపుకునేవాళ్ళను చూస్తే నాకు ఒళ్ళు మండేది. కొత్తగా చేరినవాళ్ళను పిలిచి మరీ క్లాసు పీకేవాణ్ణి.

2013లో పిల్లల అక్టోబరు సెలవులకు కార్న్‌వాల్‌లో ఒక కాటేజీ బుక్ చేశాం. శుక్రవారం సాయంత్రం నేనింకా ఆఫీసులోనే ఉన్నాను. సామాన్లు కారులో సర్దేసి మా ఆవిడ రెండుసార్లు ఫోన్ చేసింది. హడావుడిగా మెసేజ్ రాసి, అర్జెంటైతే అడగవలసిన మనిషి అన్నచోట మా టీంలోని ఒక అమ్మాయి పేరు పెట్టేశాను. తెనాలి అమ్మాయి, చేరి ఐదు నెలలైంది. ఆమెకు ఒక్క మాట చెప్పలేదు. అదే ఒక ఇంగ్లిష్ కొలీగ్ పేరు పెట్టాలంటే రెండు రోజుల ముందే అడిగి, ఒప్పుకుంటే థాంక్స్ చెప్పి మరీ పెట్టేవాణ్ణి. ఈ అమ్మాయిని అడిగేదేమిటి, మనమ్మాయే కదా. నన్ను అన్నయ్యా అంటుంది, ఆదివారాలు మా ఇంట్లో భోంచేస్తుంది. కాదంటుందా అనుకున్నాను.

ఆ తర్వాతి సోమవారం నుంచి బుధవారం దాకా ఆమెకు మిల్టన్ కీన్స్‌లో ట్రైనింగ్ ఉంది. అడిగి ఉంటే ఆ మాటే చెప్పేది. మేం ఒక గోడౌన్‌కు సాఫ్ట్‌వేర్ చూసేవాళ్ళం. పార్సిళ్ళ మీద అంటించే లేబుళ్ళు దాంతోనే ప్రింటవుతాయి. దాని లైసెన్సు గడువు అయిపోతోంది, పొడిగించడానికి అనుమతి ఇమ్మని వాళ్ళు మంగళవారం నాకు మెయిల్ రాశారు. నా మెసేజ్ చూసి ఆమెకు రాశారు, ఆమె డెస్క్ ఫోన్‌కు చేశారు. ఆమె ఎక్కడో క్లాసులో కూర్చుని ఉంది. తనకు బయటివాళ్ళ మెయిల్ వస్తుందన్న ఊహే లేదు. బుధవారం లేబుళ్ళు ఆగిపోయాయి. మధ్యాహ్నం దాకా లారీలు కదల్లేదు.

నేను తిరిగొచ్చిన రోజు పొద్దున్నే మేనేజరు మా ఇద్దరినీ తన గదిలోకి పిలిచింది. ఇంగ్లిష్ ఆవిడ, గొంతు పెంచే మనిషి కాదు. ఆ అమ్మాయి ప్రొబేషన్ ఇంకో మూడు వారాల్లో ముగుస్తుంది. ఉద్యోగం పోతే వీసా కూడా పోతుంది. ఆ సంగతి ముగ్గురికీ తెలుసు.

“తన పేరు పెడుతున్నట్టు తనకు చెప్పావా?” అని మేనేజరు నన్ను అడిగింది.

“చెప్పాను. వెళ్ళేముందు, నోటిమాటగా” అన్నాను.

ఎందుకలా అన్నానో ఇప్పటికీ సాకులు వెతుకుతుంటాను. ఒక్కటీ నిలబడదు. అందరికీ క్లాసులు పీకిన నోటితో ‘అడగలేదు’ అనడానికి నామోషీ వేసింది. పిరికితనం, ఇంకేం కాదు. ఆ అమ్మాయి తలెత్తి నావైపు చూసింది. కాదనలేదు. “సారీ, నేను చూసుకోవాల్సింది” అని మేనేజరుతో అంది.

తర్వాత ఆఫీసు కిచెన్‌లో కెటిల్ దగ్గర మెల్లిగా అడిగింది.

“మీరు నాకు చెప్పలేదు కదన్నయ్యా?”

“చెప్పాననే అనుకున్నానమ్మా, ఆ హడావుడిలో” అన్నాను. అదీ అబద్ధమే.

“సర్లెండి. నేనక్కడ కాదంటే మీ పరువు పోయేది.”

నాలుగు తిట్టినా బావుండేది. నిజం చెప్పడానికి నాకింకా మూడు వారాలు ఉన్నాయి. మేనేజరు గది తలుపు దాకా రెండుసార్లు వెళ్ళి వెనక్కి వచ్చాను. ఆ అమ్మాయిని ఉద్యోగంలోంచి తీసేశారు. ఇంకేవో కారణాలు కూడా ఉండి ఉంటాయిలే అని నాకు నేను సర్దిచెప్పుకున్నాను. సిగ్గులేని మనిషిని.

ఇండియా వెళ్ళిపోయే ముందు ఆదివారం మా ఇంటికి వచ్చింది. తన గ్రైండరు మా ఆవిడకు ఇచ్చింది. భోజనాల దగ్గర మా ఆవిడ ఉండబట్టలేక అడిగేసింది.

“ఇంతకీ ఏం జరిగిందమ్మా? ఈయనేమో నోరు విప్పరు.”

“ఒక మెయిల్ చూసుకోలేదు వదినా. నాదే పొరపాటు.”

“అయ్యో పిచ్చిపిల్లా, మీ అన్నయ్యతో ఒక్క మాట చెప్పకపోయావా? మేనేజరుతో ఆయన మాట్లాడేవారు కదా.”

ఆ అమ్మాయి పళ్ళెంలోకి చూస్తూ, “నాకే తోచలేదు వదినా” అంది.

చెప్పాల్సింది అప్పుడే. మా ఆవిడ ముందు, పిల్లల ముందు, ఆ అమ్మాయి ముందు. నేను పెరుగు గిన్నె దగ్గరికి లాక్కుని, ఉప్పు ఇటివ్వమన్నాను.