టేపక్క అభ్యంతరం

ఆవిడను అందరూ టేపక్క అనే పిలుస్తారు. ఇళ్లలో టైల్స్ పరిచే మేస్త్రి. నడుముకి కొలతల టేపు లేకుండా ఆవిడను చూసినవాళ్లు లేరు. ఇరవై రెండేళ్లుగా అదే పని కాబట్టి, ఆ ఊళ్లో ఆవిడ మోకాళ్లు ఆనని గదులు తక్కువ.

వాళ్ల వీధి చివర అట్టపెట్టెల ఫ్యాక్టరీ మూతపడి ఏడాదిన్నర అయింది. పని పోయినవాళ్లలో కొందరు ఇళ్లు అమ్ముకున్నారు. చెప్పిన ధరకి కొనే నాథుడు లేక, ఇచ్చినంత పుచ్చుకున్నారు. సరిగ్గా అలాంటప్పుడు ఇంటిపన్ను నోటీసు వచ్చింది. చూస్తే నిరుటికంటే ఎక్కువ.

"ఇళ్ల ధరలు పాతాళానికి పోతుంటే పన్ను పైకెలా పోతుందే?" అన్నాడు బస్సు డ్రైవరైన భర్త. "అయినా ఆఫీసులతో మనకెందుకు, కట్టి పారేద్దాం."

"కడదాం. ఎందుకు కడుతున్నామో తెలుసుకుని కడదాం," అంది టేపక్క.

మర్నాడు పని మధ్యలో చేతులకంటిన సిమెంటు కడుక్కుని మున్సిపల్ ఆఫీసుకి వెళ్లింది. కౌంటరులో గుమస్తా నోటీసు తిప్పి చూశాడు.

"ఇంటి విలువ ఏటా లెక్క కట్టరమ్మా. ఇది రెండేళ్ల కిందట కట్టిన లెక్క. ఈసారి రేటు కొంచెం పెంచారు, అంతే."

"రెండేళ్ల కిందట ఫ్యాక్టరీ నడుస్తోంది కదండీ."

"నడుస్తోంది."

"మరిప్పుడు?"

గుమస్తా నవ్వి ఒక ఫారం అందించాడు. "అభ్యంతరం రాసివ్వండి. నెలాఖరు దాకా గడువుంది. నోటిమాట మాత్రం చెల్లదు. మీ వీధిలో ఈమధ్య అమ్ముడైన ఇళ్ల కాగితాలు జతచెయ్యాలి."

వీధిలో మూడిళ్లు అమ్ముడయ్యాయి. ఇద్దరు అడగగానే నకళ్లు ఇచ్చారు. మూడోది ఎలక్ట్రీషియన్ ఇల్లు. ఫ్యాక్టరీలో పద్నాలుగేళ్లు పనిచేసి, ఇల్లు అమ్మేసి, ఇప్పుడు రెండు వీధుల అవతల అద్దెకుంటున్నాడు. విషయం వినగానే అతని మొహం మాడిపోయింది.

"నేనెంతకి తెగనమ్ముకున్నానో ఊరంతా చదవాలా అక్కా?"

ఆ ఇంటి వంటగదిలో టైల్స్ వేసింది టేపక్కే. ఏ రంగు వెయ్యాలో తేలక మొగుడూ పెళ్లాలు రెండు రోజులు కీచులాడుకుంటే మధ్యలో నలిగింది కూడా తనే.

"ఊరు కాదు తమ్ముడూ, ఒక్క ఆఫీసరు చదువుతాడు," అంది. "నీకు అమ్ముకోవడం చేతకాక కాదు. అప్పుడక్కడ పలికిన ధరే అంత. నేను ఆఫీసులో చెప్పబోయేదీ ఆ మాటే."

అతను లోపలికి వెళ్లి మళ్లీ రాలేదు. కాసేపటికి భార్య కాగితం పట్టుకొచ్చింది. "తీసుకెళ్లండి వదినా. ఆయనే ఇమ్మన్నారు."

వీధివాళ్లూ సంతకాలు పెడితే బలమని, ముందు పక్కింటి మాస్టారి దగ్గరికి వెళ్లింది. రిటైరయ్యారు గానీ చీవాట్లు పెట్టడం మానలేదు. "మన ఇళ్లకి విలువ లేదని మనమే రాసివ్వడమేంటమ్మా? రేపు అమ్ముకోవాలంటే ఎవడు కొంటాడు?"

"కొనేవాడు నా ఫారం చదివి కొనడు మాస్టారూ. వీధి చివర గేటుకున్న తాళం చూసి బేరమాడతాడు."

మాస్టారు కళ్లద్దాలు తుడుచుకుని, ఫారంలో రెండు అక్షరదోషాలు దిద్ది, కింద తానూ సంతకం చేశారు. దాంతో వీధిలో మరో పదకొండు మంది చేశారు.

విచారణ రోజున ఆఫీసరు కాగితాలన్నీ చూసి కలం పక్కన పెట్టాడు.

"ఊళ్లో అన్ని ఇళ్లకీ ధర పడిందమ్మా. అందరి విలువా ఒకేలా తగ్గించామనుకోండి, చెత్త బళ్లు ఆగవు, నీళ్ల పంపు ఆగదు. ఆ ఖర్చుకి రేటు పెంచాల్సిందే. ఇటు తగ్గి అటు పెరుగుతుంది. మీకు ఒరిగేదేముంది?"

"అందరికీ ఒకేలా పడుంటే నేనిక్కడికి వచ్చేదాన్నే కాదు సార్," అంది టేపక్క. "బస్టాండు వైపూ పని చేస్తాను, మా వైపూ చేస్తాను. అక్కడ పదో వంతు పడితే మా దగ్గర మూడో వంతు పడింది. ఇవి మూడిళ్ల కొలతలు, గదులవారీగా. అడుగు ఎంతకి పోయిందో పక్కనే రాశాను. అనుమానముంటే వచ్చి కొలుచుకోండి, టేపు నేనే తెస్తా."

ఆఫీసరు నిజంగానే వచ్చాడు. ఒక ఇల్లు కొలిచి, రెండో ఇంట్లో సగం కొలిచి, ఇక చాలన్నాడు.

రెండు నెలలకి ఉత్తర్వు వచ్చింది. ఆ వీధి ఇళ్ల విలువ నాలుగో వంతు తగ్గించారు. మరుసటి ఏడు రేటు మళ్లీ కాస్త పెరగడంతో పన్ను మాత్రం అంత తగ్గలేదు.

"ఇంత తిరిగింది ఇందుకా?" అన్నాడు భర్త.

"మన వాటా ఎంతో అంతే కడుతున్నాం. పరాయివాళ్లది మోయడం లేదు. అది చాలదూ?" అంది. ఆ రోజు ఆవిడ నడకే వేరుగా ఉంది.

అప్పట్నించి నోటీసు వస్తే చాలు, జనం ముందు ఆవిడ గడపే తొక్కుతున్నారు. బస్టాండు దగ్గర మేడ ఉన్న మందులషాపాయన కూడా వచ్చాడు. టేపక్క ఆయన కాగితం కిందామీదా చూసి వెనక్కి ఇచ్చేసింది.

"మీది సరిగ్గానే వేశారండీ. ఇంకా నయం, మేడమీద గది వదిలేశారు. చప్పుడు చెయ్యకుండా కట్టేసి రండి."