ఒంటిచేతి దండం

నా చిన్నప్పుడు రాజాంలో మా ఇంటి వెనక రేకుల షెడ్డులో ఒక మిల్లింగ్ మిషను చాలాకాలం కరెంటు లేకుండా పడి ఉండేది. తిరిగే కత్తితో ఇనుమును కొంచెం కొంచెంగా చెక్కే యంత్రం అది. నాన్న పని చేసే జూట్ మిల్లు మూతపడ్డాక, రైసు మిల్లుల వాళ్లకు విడిభాగాలు చేసి బతుకుదామని, ఎవరో వాడి వదిలేసిన దాన్ని కొని విశాఖపట్నం నుంచి లారీ మీద తెచ్చుకున్నాడు. దానికి మూడు ఫేజుల కరెంటు కావాలి. మా ఇంటికి ఉన్నది ఒక్కటే. ఇదిగో లైను, అదిగో లైను అంటూ వానాకాలం కాస్తా గడిచిపోయింది.

నాన్నకు మాట తగ్గిపోయింది. పొద్దున్నే షెడ్డులోకి వెళ్లి, కిరసనాయిలు గుడ్డతో దాని తుప్పు తుడుస్తూ కూర్చునేవాడు. అది తిరగకపోతే మేం ఏమైపోతామో ఇంట్లో ఎవరూ పైకి అనలేదు గానీ, అమ్మ మొహం చూస్తే నాకు తెలిసిపోయేది. ఆ మిషనంటే నాకు భయమూ ఉండేది, కోపమూ ఉండేది.

దసరా ముందు లైను వచ్చింది. వైరింగు చేసింది మా మావయ్య, అంటే అమ్మ తమ్ముడు. మూడు వైర్లలో ఏ రెండు అటూ ఇటూ అయినా మోటారు వెనక్కి తిరుగుతుందని, ముందు ఒకసారి ఊరికే తిప్పి చూసుకుందామని అతను అన్నాడు. మా నాన్నమ్మ ఒప్పుకోలేదు. ఆయుధ పూజ నాడు, ముహూర్తానికి, దండం పెట్టాకే అది మొదటిసారి తిరగాలంది. నాన్న కూడా ఆవిడ మాటకే తలూపాడు. అన్నాళ్లు ఎదురుచూసిన మనిషి, ఇంకే అపశకునమూ భరించలేని స్థితిలో ఉన్నాడు పాపం.

ఆ రోజు మిషనుకు పసుపు, కుంకుమ, బంతిపూల దండ. నాన్న కొత్త పంచె కట్టి మెడ చుట్టూ కండువా వేసుకున్నాడు. పూజకు అలాగే కదా నిలబడతారు. హారతి అయ్యాక అందరం చేతులు జోడించాం. మావయ్య మాత్రం గోడ పక్కన మెయిన్ స్విచ్చు పిడి పట్టుకుని నిలబడ్డాడు.

"ఏరా, దండం ఎట్టవేటి? సేతులు పడిపోనాయా?" అంది నాన్నమ్మ.

"నా సెయ్యి కాళీ లేదత్తా. మీరెట్టండి," అన్నాడు.

నాన్నమ్మ మూతి తిప్పుకుంది. నాన్న బటను నొక్కాడు. మోటారు గుర్రుమంది, మిషను తిరిగింది. అమ్మ ఏడ్చేసింది. అంతలోనే నాన్న మొహం మారింది. అది వెనక్కి తిరుగుతోంది. నమ్మలేక, దగ్గరగా చూద్దామని వంగాడు. కండువా కొస జారి, తిరుగుతున్న ఇరుసుకు చుట్టుకుంది.

నాన్న మెడ ఒక్కసారిగా కిందికి పోయింది. ఆ వెంటనే ధడేలుమని స్విచ్చు పిడి పడిన చప్పుడు. మోటారు ఆగింది. నాన్న నుదురు ఇనుముకు ఆని ఉంది, మెడ చుట్టూ కండువా బిగుసుకుపోయి ఉంది. అమ్మ పరుగున కత్తెర తెచ్చి కోసింది. నాన్న దగ్గాడు.

మావయ్య పిడి పట్టుకుని అలాగే ఉండిపోయాడు. "ఒదిలీరా, అయిపోనాది," అంటూ అమ్మ అతని వేళ్లు ఒక్కొక్కటీ విడదీయాల్సి వచ్చింది. ఆ రోజంతా నాన్న అతనితో మాట్లాడలేదు. సిగ్గో, భయమో నాకు ఇప్పటికీ తెలియదు. మర్నాడు మావయ్య వైర్లు మార్చాడు, నాన్న పొట్టి చేతుల చొక్కా వేసుకుని బటను నొక్కాడు. హారతి లేదు, పూలదండ లేదు. నాన్నమ్మ గడపలో నిలబడి, పిడి మీద ఉన్న మావయ్య చేతినే చూస్తూ ఉండిపోయింది.

ఆ మిషనే మమ్మల్ని పెంచింది. ఇప్పుడు మా తమ్ముడి కొడుకులు నడుపుతున్నారు. ఏటా ఆయుధ పూజకు నన్ను పిలుస్తారు, వెళ్తాను. "ఈ ఏడైనా రెండు సేతులూ ఎత్తి దండమెట్టత్తా," అని ఏడిపిస్తారు. వాళ్లను చూసి నవ్వుతాను గానీ కళ్లు మాత్రం మూయను. వాళ్ల పూజ అయి, మిషను తిరిగి, అందరూ వెనక్కి జరిగేదాకా నా కుడి చెయ్యి ఆ పిడి మీదే ఉంటుంది. నా దండం ఎడమ చేత్తోనే.