ఎండబెట్టిన సెల్లులతో విమానం

ఇది ఒక మహా యుద్ధగాథ. ఆకాశంలో జరిగింది. ఒక పక్క లెక్కకు అందని సైన్యం, మరో పక్క ఒంటరి యోధుడు, మధ్యలో ఒక కుటుంబం బతుకు.

ఇంత చెప్పాక అసలు సంగతీ చెప్పాలి. సైన్యం అంటే రామచిలుకలు. యోధుడు అంటే థర్మాకోల్ విమానం. యుద్ధభూమి ఎల్లారెడ్డి అవతల మా మేనమామ కౌలుకు చేస్తున్న పొద్దుతిరుగుడు చేను. కుటుంబం బతుకు అన్నది మాత్రం నిజమే. అదొక్కటీ అబద్ధమై ఉంటే ఈ కథ నేను హాయిగా చెప్పుకునేవాణ్ణి.

ఆ ఏడు వానలు మొఖం చాటేసి మామ వరి పొట్ట దశలోనే ఎండిపోయింది. చలికాలం యాసంగి పంటకు బోరు పోసే కాసిని నీళ్లతో పొద్దుతిరుగుడు వేశాడు. పువ్వు బాగానే నిలబడింది. గింజ పాలు పోసుకునే వేళకు చిలుకలు దిగాయి. పొద్దున ఒక విడత, సాయంత్రం ఒక విడత, డ్యూటీకి వచ్చినట్టు. మామా అత్తా డబ్బాలు కొట్టారు, పాత చీరలు కట్టారు. చిలుకలు ఆ చీరల మీదే కూర్చుని గింజలు ఒలుచుకున్నాయి.

"ఈ పంట గూడ పోతే బొంబాయికి పోవుడే అల్లుడా," అన్నాడు మామ ఫోనులో. "మేస్త్రీల కాడ ఇటుకలన్న మోస్త."

మామకు నడుము నొప్పి. బిందె ఎత్తాలన్నా అత్తను పిలిచే మనిషి.

నేనప్పుడు కామారెడ్డిలో డిప్లొమా చదువుతున్నాను. చదువుతున్నానని ఇంట్లో అనుకునేవారు. నేను గదిలో రిమోట్ విమానాలు చేసేవాణ్ణి. ఉన్నవాటిలో బాగా ఎగిరేదాన్ని తీసి గద్దలాగా గోధుమ రంగు వేశాను. రంగు సగంలో అయిపోయింది. దాన్నే ఒళ్లో పెట్టుకుని ఎల్లారెడ్డి బస్సెక్కితే కండక్టర్ పై నుంచి కింది దాకా చూశాడు. "గిది ఎగిరేదుంటే బస్సెందుకు ఎక్కినవ్ రా?" అన్నాడు.

చేను గట్టు మీద మామ కూడా అదే చూపు చూశాడు. "ఏంది అల్లుడా, గద్దనా, కోడినా?"

"గద్దనే మామా. దూరంకెళ్లి చూడాలె."

"చిలుకలు దగ్గరకెళ్లి చూస్తయి గద."

కానీ చిలుకలకు మా మామంత పరిశీలన లేదు. విమానం చేను మీదుగా ఒక్క చుట్టు తిరగగానే మంద మొత్తం లేచి వాగు అవతలికి పోయింది. ఆ సాయంత్రం మామ గట్టు మీద కూర్చుని బీడీ వెలిగించాడు. పూత పట్టినప్పటి నుంచి ఆయన కూర్చోవడం ఎవరూ చూడలేదని అత్త చెప్పింది. రెండు రోజులు నేను ఆ ఇంట్లో దొరబాబును. మూడో రోజు విమానం గుండె మాడిపోయింది.

గుండె అని బరువుగా అన్నాను కానీ, అది గోరంత భాగం. విమానంలో రిసీవర్ అని ఒక చిన్న డబ్బా ఉంటుంది. చేతిలో ఉన్న రిమోట్ చెప్పే మాట వినేది అదే. సర్వోలు అంటే ఆ మాట ప్రకారం రెక్కల్నీ తోకనూ కదిలించే అగ్గిపెట్టెంత మోటార్లు. ముందు ఫ్యాను తిప్పడానికి పెద్ద బ్యాటరీ ఉంది. దాని కరెంటును ఐదు వోల్టులకు తగ్గించి రిసీవర్‌కూ సర్వోలకూ పంచే భాగమే మాడింది. ఎండలో నాలుగు సర్వోలను మోసి మోసి పోయింది. నేల మీద ఉండగానే పోవడం దాని మంచితనం.

హైదరాబాద్‌లో ఉన్న స్నేహితుడికి ఫోన్ చేశాను. రిసీవర్‌కు విడిగా పెట్టే చార్జింగ్ బ్యాటరీల ప్యాకు దొరుకుతుందన్నాడు. షాపులో స్టాకు రాగానే బస్సు పార్సిల్‌లో కామారెడ్డికి వేస్తానన్నాడు. స్టాకు వచ్చేదాకా ఆగమని చిలుకలకు ఎవరు చెప్పాలి?

నాకో ఉపాయం తట్టింది. పెన్సిల్ సెల్లు ఒకటి ఒకటిన్నర వోల్టు. నాలుగు కలిపితే ఆరు. రిసీవర్ ఆరు దాకా తట్టుకుంటుంది. లెక్క కరెక్టు. నేను లెక్కలు తప్పి చెడిన సందర్భాలు చాలా ఉన్నాయి. లెక్క కరెక్టుగా వచ్చి చెడింది ఇదొక్కసారే.

ఊళ్లో కిరాణా కొట్టులో టీవీ రిమోట్లకు వేసే అగ్గువ ధర సెల్లులే ఉన్నాయి. మొదటి నాలుగింటితో విమానం కాసేపు ఎగిరి, తోక వణికిస్తూ దిగింది. తర్వాతి నాలుగూ ఇంకా తొందరగా అలిశాయి. మూడోసారికి కొట్టులో సెల్లులే లేవు. ఆ పూట నేనూ మామా కంచాలు కొట్టుకుంటూ చేనంతా పరిగెత్తాం. మేము ఈ మూలకు వస్తే చిలుకలు ఆ మూలకు పోయాయి. మామ గొంతు పూర్తిగా పోయింది. ఇంటికి వచ్చేసరికి అత్త అటక మీది బ్యాగు దించి దుమ్ము దులుపుతోంది. బొంబాయికేనని మామకూ తెలుసు. నాకు ఏదైనా జోకు వెయ్యాలనిపించింది, ఒక్కటీ రాలేదు.

తెల్లారి చూస్తే, అదే ఇంట్లో ఉండే మా అమ్మమ్మ అయిపోయిన సెల్లులన్నీ ఏరుకొచ్చి మిద్దె మీద మిరపకాయల పక్కన ఎండబెట్టింది.

"అమ్మమ్మా, ఇవి అప్పడాలు కావు."

"అప్పడాలైతే నీకెందుకిస్త? టార్చి సెల్లులు ఎన్నిసార్లు ఎండబెట్టి వాడలే? ఎండకు బలమొస్తది."

నవ్వుతూనే వోల్టులు చూసే మీటరు పెట్టాను. దాదాపు ఆరు చూపించింది. నవ్వడం ఆపేశాను. మరోసారి పెట్టాను. అదే. దిక్కులేనప్పుడు మనిషి ఎంత తొందరగా భక్తుడవుతాడో నాకు ఆ మిద్దె మీద తెలిసింది.

సాయంత్రం మంద దిగింది. విమానం లేపాను. చిలుకలు లేచాయి. మామ రాని గొంతుతో "తిప్పు, అటు తిప్పు" అన్నాడు. గట్టిగా తిప్పాను. నాలుగు సర్వోలూ ఒకేసారి లాగాయి. మీటరు ముందు కూర్చున్నప్పుడు ఆ సెల్లుల మీద ఏ బరువూ లేదు. ఇప్పుడు బరువు పడింది. రిసీవర్ ఆగిపోయింది, దాని మాట అందక ఫ్యానూ ఆగింది, గద్ద కోడిలా పడింది. మేము పువ్వుల్లోంచి దారి చేసుకుంటూ వెళ్లేసరికి ముక్కు విరిగి ఉంది. సర్వోలు మాత్రం ఆరోగ్యంగా అటూ ఇటూ కదులుతున్నాయి. పని లేనప్పుడు రిసీవర్‌కు మళ్లీ ప్రాణం వచ్చిందన్నమాట. చిలుకలు మా తలల పక్కనే తింటున్నాయి.

"బాగైతదా?" అన్నాడు మామ.

"ముక్కుకు టేపు ఏస్తే అయితది. ఆ ప్యాకు రావాలె."

ముక్కుకు టేపు వేశాను. ప్యాకు వచ్చేసరికి గట్టు వైపు పువ్వులన్నీ బోడి తలలయ్యాయి. కబురు అందగానే కామారెడ్డి పోయి, పార్సిల్ తీసుకుని, అదే బస్సులో తిరిగి వచ్చాను. మామ చేను దగ్గరే నిలబడి ఉన్నాడు, చేతిలో ఫోన్.

"కూలోళ్లకు ఇప్పుడే చెప్పాలె," అన్నాడు. "గిది ఎగిరితే వారం ఆగుత, గింజ గట్టిపడ్తది. ఎగరకపోతే రేపు పొద్దుగాల పచ్చిదే కోపిస్త. పచ్చిదాన్ల నూనె ఉండది, మిల్లోడు సగం ధర గూడ చెప్పడు. కౌలుకే చాలది. ఏమంటవ్?"

"ఎగురుతది మామా," అంటూ డబ్బా చించి ప్యాకు బిగించాను. ఈసారి బుద్ధి తెచ్చుకుని, సర్వోలు కదిలిస్తూ మీటరు పెట్టాను. ముల్లు మూడు వోల్టుల దగ్గరికి జారింది. సర్వోలు ఒకసారి ఉలిక్కిపడి ఆగాయి. వైర్లు తీసి మళ్లీ పెట్టాను. మళ్లీ ఆగాయి. మామ నా మొఖం చూశాడు, తర్వాత చేను చూశాడు, తర్వాత నంబరు నొక్కాడు.

"రేపు పొద్దుగాలనే రాండ్రి," అన్నాడు ఫోనులో. "ఆఁ, మొత్తం."

ఊళ్లో కరెంటు అప్పుడు పూటకు రెండు మూడు గంటలు ఉంటే గొప్ప. కొత్త చార్జింగ్ ప్యాకు ఖాళీగా వస్తుంది, మొదటిసారి వాడేముందు పదహారు గంటలు చార్జింగ్ పెట్టాలి. డబ్బా అడుగున రాసే ఉంది, చించే తొందరలో నేను చూడలేదు.