మందిరం గేటు దగ్గర అడ్డాకులు

నాకు కరోనా వచ్చినప్పుడు ఛత్తీస్‌గఢ్ ఇనుప గనుల ఊరు కిరండూల్‌లో ఒక బడిలో పెట్టారు. మా ఆయనది రైల్వే గ్యాంగ్‌లో పని. రెండు గదుల క్వార్టర్‌లో విడిగా ఉండే వీలు లేక పద్నాలుగు రోజులూ ఆ బడిలోనే ఉన్నాను. అన్నం ఒక డబ్బా, పప్పు ఒక డబ్బా, కూర ఒక డబ్బా, అన్నీ కలిపి ఒక ప్లాస్టిక్ సంచి. తినేసి కిటికీ కింద ఉన్న గోనెలో వేసేవాళ్లం. మొదట్లో ఆ గోనెను ఎవరో పట్టుకెళ్లేవారు. తరవాత్తరవాత వెనకాల వాగులోకి దొర్లించేయడం మొదలుపెట్టారు. వానలు పడ్డాయి. కొండ మీది నుంచి ఇనుపరాతి ఎర్రనీళ్లు దిగుతుంటే వాటిలో తెల్ల చెంచాలు, చేతి తొడుగులు, మాస్కులు తేలుతూ పోయేవి. వాటిలో నేను తిన్న డబ్బా ఏదా అని చూసేదాన్ని. అన్నీ ఒక్కలాగే ఉండేవి.

ఇంటికొచ్చాక ఆ సంగతి ఎవరితోనూ అనలేదు. ప్రాణంతో బయటపడ్డదాన్ని, చెత్త గురించి మాట్లాడితే నవ్వుతారనుకున్నాను.

మా చర్చి మందిరంలో కోతల పండుగనాడు అందరికీ భోజనాలు పెడతాం. కరోనాకు ముందు ఏటా ఒక గోండు ఆవిడ విస్తర్లు తెచ్చేది. శ్రీకాకుళం వైపు మా ఊళ్లో అడ్డాకు అనేదాన్నే ఇక్కడ సియాడీ అంటారు. ఆవిడ వెదురు పుల్లలతో కుడితే పులుసు పోసినా కారేది కాదు. మాస్కులు తీసేశాక వచ్చిన మొదటి పండుగకు ఆవిడ మళ్లీ కట్ట నెత్తిన పెట్టుకుని వచ్చింది. సంఘ పెద్ద గేటు దగ్గరే ఆపేశారు. అడవిలో ఎవరెవరు ముట్టుకున్నవో, ఇప్పుడన్నీ సీలు వేసిన ప్లేట్లే వాడుతున్నామని హిందీలో చెప్పి పంపేశారు. ఆవిడ కట్ట దించి గోడ నీడన కూర్చుంది.

నేను ఉల్లిపాయలు తరుగుతున్నదాన్ని లేచి బయటికెళ్లాను. ఎంత దూరం నుంచి వచ్చావని అడిగితే వాగు దిగువనున్న తన ఊరి నుంచి తెల్లారక ముందే బయల్దేరానంది. కట్ట మొత్తం నేనే తీసుకుని, ఆవిడను కూడా వెంటబెట్టుకుని లోపలికొచ్చాను. బల్ల మీదున్న ప్లాస్టిక్ ప్లేట్లు పక్కకు జరిపి విస్తర్లు పరిచాను. సంఘ పెద్ద గబగబా వచ్చారు.

“ఏటి సిస్టర్ ఇది? రేపొద్దున్న ఎవులికైనా జబ్బు సేస్తే ఎవులు సూస్తారు?”

నేను విస్తర్లు పరచడం ఆపలేదు.

“అన్నయ్యగారండీ, నాను జబ్బు పడినప్పుడు పద్నాలుగు రోజులూ సీలేసిన డబ్బాల్లోనే తిన్నాను. నాకొచ్చిన జబ్బు ఆకుల్లోంచి రాలేదు. ఆ డబ్బాలన్నీ వాగులోకి పోయినాయి. ఆ వాగు కింద ఊళ్లోళ్లు తాగుతారు. ఈవిడిది ఆ ఊరే.”

పెద్దాయన మొహం ఎర్రబడింది. కమిటీ తీర్మానం చేసిందన్నారు. చేసుకోండి, నా చేత్తో వడ్డించేది మాత్రం ఆకుల్లోనేనని చెప్పి గరిటె పట్టుకున్నాను.

చాలామంది ప్లాస్టిక్ ప్లేట్లు ఉన్న వరసకే వెళ్లారు. నా స్నేహితురాలు కూడా తల వంచుకుని అటే పోయింది. నా వరసలో మొదట మా ఆయన నిలబడ్డారు, ఆయన వెనక గ్యాంగ్‌లో పనిచేసేవాళ్ల కుటుంబాలు ఆరో ఏడో. గోండు ఆవిడను కూర్చోబెట్టి ఆవిడ కుట్టిన విస్తరిలోనే వడ్డించాను. మొహమాటంగానే తిన్నది గానీ రెండోసారి పులుసు అడిగి వేయించుకుంది.

సంఘ పెద్ద ఆ తరవాత చాలాకాలం నాకు వందనాలు చెప్పలేదు. స్త్రీల కూటంలో ప్రార్థన చేసే వంతు నాకు రాకుండా చూశారు. రాకపోతే పోనిమ్మని కూటానికి మాత్రం మానకుండా వెళ్లాను. కమిటీ ఇప్పటికీ ప్లాస్టిక్ ప్లేట్లే కొంటోంది. నేనూ పండుగ పండుగకీ విస్తర్లు తెస్తూనే ఉన్నాను. నిరుడు నా వరస వాళ్ల వరసకన్నా పొడుగైంది. విస్తర్లు చాలక చివరివాళ్లకు రెండేసి దొప్పల్లో పెట్టాను.