మఠం బంగళాలో జిమ్మీబాబు

మా రబ్బరు తోట కూలీల లైన్లల్లో ఓడెక్కి ఇంగ్లాండు సూసొచ్చింది ఎవరంటే, ఈ మరియమ్మే. గొప్పలు పోతందనుకుంటే అనుకోండి! దొరగారి కొడుకు జిమ్మీబాబుని పురిట్లోంచి పెంచిన ఆయాని నాను. ఏడేల్లు రాగానే పిల్లల్ని సీమలో బడికెయ్యడం ఆల్ల ఆచారం. బాబుని నాయనమ్మ ఇంట్లో దింపడానికి దొరసాని, నాను బయల్దేరినాం.

మా తోటకి దగ్గర పట్నం తెలుక్ ఆన్సన్‌లో పొద్దున్నే రైలు. నాది మూడో తరగతి. ఇంగ్లాండు ఎల్తన్నానంటే, చికాకోలు నుంచి తోటల్లో కూలికొచ్చిన ముసలమ్మ ఎదురుగా కూకుని నన్ను ఎగాదిగా సూసింది.

"ఏటే, తెల్లోల్ల దేశంలో కూడా రబ్బరు సెట్లు గీస్తావేటి?"

"కాదులే, ఆల్ల రాజుగారి కోట సూసొస్తాను" అన్నాను. ముసలమ్మ నోరెల్లబెట్టింది.

సాయంత్రానికి పినాంగు రేవు సేరి ఓడెక్కినాం. ఓ రోజు దొరసాని నన్ను పైకి పిలిసింది. "ఆయా, ఇక బాబుతో నీ భాష మాట్లాడకు. అక్కడ అందరూ నవ్వుతారు" అంది. సరేనన్నాను. ఇన్నేల్లు పెంచినాను, ఆ బిడ్డ నోట్లో నా మాట ఒక్కటైనా మిగలదా?

లండన్‌లో దిగి మల్లీ రైలు, ఆపైన మోటారు కారు. మజ్జానం దాటినాక ఇల్లు కనపడింది. ఒలమ్మా, ఇల్లేటి అది! అంతా రాయే. పూర్వం సన్యాసుల మఠమట. ఎనకటి రాజెవరో ఆల్లని తరిమేసి దొరలకి ఇచ్చేసినాడట. ఆల్లు జపం సేసుకుంటా తిరిగిన వసారాలో ఇప్పుడు గొడుగులు, వేటకుక్కలు. ఎండాకాలంలోనే వొణికిపోయినాను. మీరెవరైనా ఎల్తే ఉన్ని శాలువా మర్సిపోకండి.

సన్యాసుల భోజనాల గది మాత్రం అలాగే ఉంచినారు. మర్నాడు ఆదివారం మజ్జానం అందరూ అక్కడే కూకున్నారు. నాను బాబు కుర్సీ ఎనకాల నిలబడినాను.

"ఈ గదిలో ప్రార్థన లేకుండా ఎవరూ తినరు. జిమ్మీ, ఇవాళ నువ్వు చెప్పు" అంది నాయనమ్మ.

బాబు లేచి నాకేసి సూసినాడు. నాను తల దించేసినాను. ఆడు రెండు సేతులూ జోడించి గట్టిగా అందుకున్నాడు.

"తండ్రీ, ఇయాల కూడెట్టినావు. సేతులెత్తి మొక్కుతన్నాం. ఆకలితో ఉన్నోల్లకి కూడా ఎట్టు. ఆమెన్."

మా వంటింట్లో నాను నేర్పిందే!

దొరసాని మొకం కందిపోయింది. "ఇదేం భాష?" అంది నాయనమ్మ.

"ఆయా భాష. దేవుడికి వచ్చు" అన్నాడు బాబు.

నాయనమ్మ ఆడినీ, నన్నూ సూసింది. "ఇక్కడి సన్యాసులు చెప్పుకున్నదీ ఇంగ్లీషు కాదులే, పాత చర్చి భాష. ఆమెన్" అని సెంచా తీసింది. ఆ పూట నా కాల్లు నేల మీద లేవనుకోండి.

తిరుగు ఓడలో బాబు లేడు. ఓ మజ్జానం నాను కింద గదిలో అన్నం కలుపుకుంటంటే దొరసాని దిగొచ్చింది. ఏడ్సి ఏడ్సి కల్లు వాసిపోయున్నాయి. పైన ముద్ద దిగడం లేదంది. నా పక్కనే బల్ల మీద కూకుంది.

"ఆయా, బాబు చెప్పిన ప్రార్థన నాకూ నేర్పు."

పినాంగు రేవు కనపడేసరికి దొరసానికి ప్రార్థన మొత్తం వచ్చేసింది. 'కూడు' అని అచ్చం మాలాగే అంటది.