కారులో దొంగ

మా బాబాయికి ఒకటే జబ్బు. వస్తువు పూర్తిగా పాడైతే ఆయనకి దిగులు లేదు, పూర్తిగా బాగుంటే ఆసక్తి లేదు. కాసేపు పనిచేసి, కాసేపు మొరాయించేది కంటపడితే మాత్రం కాలుగాలిన పిల్లి అయిపోతాడు. అది ఎందుకలా చేస్తోందో తేలేదాకా తను కూర్చోడు, కూర్చున్నవాళ్లని కూర్చోనివ్వడు.

ఒకసారి వాళ్ల వంటింటి తలుపు ఎప్పుడో ఒకప్పుడు మాత్రమే కిర్రుమనడం మొదలుపెట్టింది. బాబాయి దాని ముందు స్టూలు వేసుకుని, కంచం ఒళ్లో పెట్టుకుని భోజనం చేశాడు.

"కాస్త నూనె వేస్తే పోతుంది కదండీ" అంది పిన్ని.

"పోతుంది! పోతే, ఎందుకొచ్చిందో ఎలా తెలుస్తుంది?"

ఆయన స్నానానికి వెళ్లినప్పుడు పిన్ని గుట్టుచప్పుడు కాకుండా నూనె వేసేసింది. ఇక అది ఎందుకు మానేసిందో తెలియక బాబాయి ఇంకొన్నాళ్లు అక్కడే భోంచేశాడు.

అలాంటి మనిషి చేతికి ఒక పాత కారు వచ్చింది. పెళ్లికూతురిలా బయల్దేరేది. నడుస్తూ నడుస్తూ, ఎవరో దీపం ఊదేసినట్టు ఇంజను టప్పున ఆగిపోయేది. కాసేపు రోడ్డు పక్కన నిలబెట్టి తాళం తిప్పితే, ఏమీ ఎరగనట్టు మళ్లీ స్టార్టయ్యేది. మెకానిక్ దగ్గరికి తీసుకెళ్తే అక్కడ ఎంతసేపైనా హాయిగా తిరిగేది.

"ఏం లేదు సార్, బంగారంలా ఉంది బండి" అనేవాడు మెకానిక్.

"నీ ముందు నటిస్తోందయ్యా! లోపల దొంగున్నాడు. వాణ్ణి దొంగతనం చేస్తుండగా పట్టుకోవాలి."

అప్పట్నించి ఆ లోపానికి మా ఇంట్లో 'దొంగ' అనే పేరు స్థిరపడింది. నాకు కొత్తగా ఉద్యోగమొచ్చి బాబాయి ఇంట్లోనే ఉండేవాణ్ణి. కాబట్టి దొంగని పట్టే దళంలో నన్నడక్కుండానే చేరిపోయాను.

ముందు ప్లగ్గులు మార్చాడు. "దొరికింది!" అని వీధంతా వినపడేలా అరిచాడు. మలుపు తిరగ్గానే కారు ఆగింది. తర్వాత, కాయిల్ వేడెక్కితే నిప్పురవ్వ పుట్టదని ఎవరో చెప్పారు. ఇంజను ఆగిన ప్రతిసారీ దిగి, జ్వరమొచ్చిన పిల్లకి వేసినట్టు దానిమీద తడిగుడ్డ వేసేవాడు. రెండుసార్లు వెంటనే స్టార్టయింది. "దొరికింది!" మూడోసారి గుడ్డ ఆరిపోయినా ఉలుకూ పలుకూ లేదు. కొత్త కాయిల్ వేయించాడు. దొంగ కొత్తింట్లో కూడా కాపురం పెట్టాడు.

ఇంకోరోజు ప్లగ్గు తీగ ఊడదీసి నా చేతికిచ్చాడు.

"దాన్ని ఇంజను ఇనుముకి దగ్గరగా పట్టుకోరా. రవ్వ కనపడుతుందేమో చూడు" అని తాళం తిప్పాడు.

నేను కెవ్వుమన్నాను.

"కనపడిందా?"

"కనపళ్లేదు బాబాయ్, తగిలింది!"

"భేష్! అయితే ఇప్పుడు దొంగ లేడన్నమాట" అని సంతోషంగా రాసుకోవడానికి పెన్సిల్ వెతుక్కున్నాడు గానీ, నా చెయ్యి వంక చూస్తే ఒట్టు.

కారులో బరువుంటే దొంగ బయటికొస్తాడని ఒకసారి, కిటికీలు తెరిస్తే వస్తాడని ఒకసారి, పక్కవాళ్లని కూడా ఎక్కించుకుని తిప్పేవాడు. ఆయన చేతిలో తాళంచెవి గలగలమంటే చాలు, వీధిలో అందరికీ అర్జంటు పనులు గుర్తొచ్చేవి. దర్జీ సగం కుట్టిన చొక్కాతో సహా లోపలికి పరిగెత్తేవాడు.

చివరికి ఎదురింటి సంగీతం టీచరుగారు దొరికారు. ఒంటరి మనిషి, పెద్దావిడ. ఎవరింట్లోనూ మంచినీళ్లు కూడా పుచ్చుకోని పట్టుదల. అలాంటావిడ్ని బాబాయి, "మీ చెవికి అందని తప్పు ఉండదమ్మా. వెనక సీట్లో కూర్చుని కాస్త వినిపెట్టండి" అని అడిగాడు. సాయం చేస్తానంటే తలుపేసుకునే ఆవిడ, సాయం చేయమనేసరికి చెప్పులేసుకుని వచ్చేశారు.

ముందు సీట్లో నేను. టీచరుగారు కళ్లు మూసుకుని, మోకాలి మీద వేలితో తాళం వేస్తున్నారు. "నిదానంగా పోతుంటే సరిగానే ఉంది నాయనా. వేగం పెంచబోయేటప్పుడు ఒక దెబ్బ తప్పుతోంది" అన్నారు. ఆ మాట పూర్తవుతుండగానే ఊరి చివర ఒక ఆకుపచ్చ గేటు ముందు ఇంజను ఆగిపోయింది.

ఆవిడ కళ్లు తెరిచి గేటు చూశారు. మొహం గంటుపెట్టుకున్నారు. "ఎంతసేపు పడుతుంది?"

ఇంతలో లోపల్నించి అచ్చం ఆవిడ ముక్కే ఉన్న మరో పెద్దావిడ వచ్చింది. టీచరుగారి చెల్లెలట! ఏదో పెళ్లిలో చెల్లెలి పాట శ్రుతి తప్పిందని అక్క అందరి ముందూ అన్నారట. అప్పట్నించి మాటల్లేవు.

చెల్లెలు బాబాయితో, "మీ కారులో ఉన్నావిడ టీ తాగుతారేమో అడగండి" అంది.

"అక్కర్లేదని చెప్పండి" అన్నారు టీచరుగారు.

"పంచదార తక్కువే వేస్తానని చెప్పండి."

"తక్కువ పంచదార నా అలవాటు. తక్కువ వేయాలని తనకింకా గుర్తుందా, అడగండి."

బాబాయి ఇద్దరి మధ్యా తల అటూ ఇటూ తిప్పుతూ నిలబడిపోయాడు. ఆయన అంతసేపు ఒకేచోట కదలకుండా నిలబడటం నేను అదే చూడటం. కాసేపటికి టీచరుగారే దిగి, "ఎండగా ఉంది, అంతే" అని నాకు సంజాయిషీ ఇచ్చుకుంటూ లోపలికి వెళ్లారు. తాళం తిప్పితే కారు స్టార్టయింది. బాబాయి గబుక్కున ఆపేశాడు.

ఇక ఆ తర్వాత ప్రతి ఆదివారం టీచరుగారిని ఎక్కించుకుని దొంగ కోసం బయల్దేరడం, సరిగ్గా ఆ గేటు ముందే కారు ఆగడం. దొంగకి ఆ గేటంటే ఏమిటంత ఇష్టమో నాకు అర్థం కాలేదు. కారు చల్లారేదాకా టీచరుగారు "తప్పదు కదా" అని లోపలికి వెళ్లేవారు. లోపల్నించి నవ్వులు, మధ్యమధ్య పోట్లాట, ఒక్కోసారి పాట కూడా వినపడేవి.

ఒక ఆదివారం, అప్పుడప్పుడు టిక్కుమంటున్న ఫ్యాను ఎందుకు టిక్కుమంటోందో చూడ్డానికి బాబాయి స్టూలెక్కి కింద పడ్డాడు. కాలు బెణికింది. మంచం మీద పడుకుని కూడా అటూ ఇటూ దొర్లుతూ నన్ను పిలిచాడు.

"ఒరేయ్, ఇవాళ కారు నువ్వు తియ్. ఆ గేటు దగ్గరికి రాగానే మెల్లిగా తాళం తిప్పేసి ఆపెయ్."

"అదే ఆగుతుందిగా బాబాయ్?"

"ఎక్కడాగుతుంది? దొంగ దొరికి చాలా రోజులైంది. రవ్వని ప్లగ్గులకి పంచే డబ్బా లేదూ, అందులో ఒక సన్నటి తీగ. పైన తొడుగు నిక్షేపంగా ఉంది, లోపల తెగింది. వేగం పెంచితే ఆ డబ్బాలో రేకు జరుగుతుంది, దాంతోపాటు తీగ సాగి విడిపోతుంది. రేకు వెనక్కొస్తే మళ్లీ అతుక్కుంటుంది. టీచరుగారు చెప్పింది అక్షరాలా నిజం. ఇంజను తిరుగుతుండగా ఆ తీగని వేలితో కదిపాను, టక్కున ఆగింది. మార్చేశాను."

"మరి 'దొరికింది' అని అరవలేదేం?"

బాబాయి దుప్పటి అంచు సర్దుకుంటూ, "అరిస్తే ఆవిడ మళ్లీ కారెక్కుతారట్రా?" అన్నాడు. "చెల్లెలింటికి వెళ్దాం రండి అంటే చచ్చినా రారు. కారు పాడైతే వస్తారు. వెళ్లు, వెళ్లు, ఆలస్యమైపోతోంది!"

టీచరుగారు ఎక్కారు. నేను ఎప్పుడు ఎలా ఆపాలా అని అద్దంలో ఆవిడ్నీ, చేతి కింద తాళాన్నీ చూసుకుంటూ నడిపాను. ఆ కంగారులో ఆకుపచ్చ గేటు వచ్చింది, వెళ్లిపోయింది.

వెనక సీట్లోంచి గొంతు వినపడింది. "బాబూ, కారు చెడిపోవాల్సిన చోటు దాటిపోయింది."

నా కాలు దానంతటదే బ్రేకు తొక్కింది. "అంటే... మీకు..."

"ఇంజను తాళం ఎప్పుడో కుదిరింది నాయనా. చెవులున్నాయి నాకు. మీ బాబాయితో అనకు. పాపం, నాకు తెలియదనుకుంటున్నాడు. ఆయన సరదా మనమెందుకు చెడగొట్టాలి? ఊఁ, వెనక్కి పోనీ."

నేను కారు వెనక్కి పోనిచ్చాను. గేటు దగ్గర చెల్లెలు వీధిలోకి వచ్చి నిలబడి ఉంది.

"ఏమిటక్కా, దాటి వెళ్లిపోయారు?"

టీచరుగారు చీర సర్దుకుని దిగుతూ గట్టిగా అన్నారు. "ఏం చెప్పమంటావే, ఇవాళ కారు బొత్తిగా పాడైపోయింది. ఎంతకీ ఆగదే!"