దూలం దిగే ముందు

మా పక్క స్థలంలో అపార్టుమెంటు కడుతున్నారు. నిన్న పొద్దున్న బాల్కనీలో కూర్చుని చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తుంటే అక్కడి క్రేను దగ్గర ఎవరో పొడుగ్గా విజిల్ ఊదారు. నా రెండు చేతులూ వాటంతటవే పైకి లేచిపోయాయి. చేతిలోని పళ్ళెం బోర్లా పడింది. ఆ చప్పుడికి మావారు వచ్చి చూసి, "ఎవరికి లొంగిపోతున్నావు?" అని అడిగారు. కరీం సారుకి, అన్నాను. ఆయనకి అర్థం కాలేదు. పెళ్ళికి ముందు సంగతి మరి.

ఎనభైల మొదట్లో నేను ఇంజనీరింగు పూర్తిచేసి కొత్తగా ఉద్యోగంలో చేరినప్పుడు కరీం సారు మా సైటు ఇంజనీరు. విశాఖ వన్ టౌన్‌లో పుట్టి పెరిగారు. వాళ్ళ నాన్నగారిది పూర్ణా మార్కెట్ దగ్గర తాళాల కొట్టు. సన్నటి మనిషి. ఇంట్లో పొయ్యి ఆర్పకుండా వచ్చినవాడిలా ఎప్పుడూ వెనక్కి తిరిగి చూసుకుంటూ ఉండేవారు. ప్రతి మాటా "అమ్మో"తో మొదలయ్యేది కనక ఆయన లేనప్పుడు అందరం అమ్మో సారు అనుకునేవాళ్ళం. నాకసలే సహనం తక్కువ. ఈ పిరికి మనిషి కింద నేనేం పని నేర్చుకుంటానని మొదటి వారమే ఇంటికి వెళ్ళి ఏడ్చాను.

విశాఖకు ఉత్తరాన, రోడ్డు కూడా లేని ఒక జాలర్ల ఊరికి మేము జెట్టీ కడుతున్నాం. అక్కడికి క్రేను చేరే దారి లేదు. అందుకని కాంక్రీటు దూలాలను పోర్టు పక్కన మా యార్డులోనే పోతపోసి, బార్జి అనే బల్లపరుపు పడవ మీద సముద్రంలో తీసుకెళ్ళేవాళ్ళం. అక్కడ నీళ్ళలో స్తంభాలు ముందే నిలబెట్టి ఉండేవి. పోటు నిండుగా ఉన్నప్పుడు బార్జిని రెండు స్తంభాల మధ్యకు దూర్చాలి. నీరు తగ్గేకొద్దీ బార్జి దిగుతుంది. దాంతోపాటు దూలమూ దిగి, స్తంభాల తలల మీద కూర్చుంటుంది. ఆ తరవాత ఖాళీ బార్జిని బయటికి లాక్కోవడమే. చెప్పుకోవడానికి బాగానే ఉంటుంది. దగ్గర నిలబడితే మాత్రం ప్రాణాలు అరచేతిలో పెట్టుకోవాల్సిందే. క్రేనయితే ఆపమంటే ఆగుతుంది, తగ్గే నీరు ఎవరి మాటా వినదు.

దూలం కూర్చునే చోట రబ్బరు పలకలు సర్దడానికి స్తంభాల మీద మనుషులుండేవారు. వాళ్ళ చేతులు చివరిదాకా దూలం కిందే. సందు జానెడుకి వచ్చేసరికి కరీం సారు పొడుగ్గా విజిల్ ఊది, "సేతులు సూపించండర్రా" అని అరిచేవారు. అందరూ రెండు చేతులూ పైకెత్తాలి. ఆయన ఒక్కొక్కరినీ పేరు పెట్టి పిలిచి, రెండేసి చేతులు చూసుకుని, అప్పుడు గాని తల ఊపేవారు కాదు. ఒక్క చెయ్యి తక్కువైనా దూలం కూర్చునేలోపు బార్జిని వెనక్కి లాగడమొక్కటే దారి. బార్జి మీద నిలబడ్డ నన్నూ వదిలేవారు కాదు.

"నేనిక్కడే ఉన్నాను కద సార్, నేనెందుకు?" అని ఒకసారి విసుక్కున్నాను.

"సేతులున్నాయి కదమ్మా, ఎత్తు" అన్నారు.

ఎక్కడో ఎవరో ఈయన కళ్ళముందే పోయి ఉంటారు, అందుకే ఈ చాదస్తం అనుకున్నాను. ఒకరోజు టీ తాగుతూ అడిగేశాను కూడా. "ఎవలూ పోలేదమ్మా. నాకు సిన్నప్పట్నుంచీ బయమే. తగ్గించుకోమని మా ఆవిడ ఒకటే గోల. తగ్గదది. వూరికే ఉంచుకోడం ఎందుకని పన్లో పెట్టాను" అన్నారు.

చివరి దూలం రోజు సముద్రం పొద్దున్నుంచే బాగాలేదు. ఇంకో రెండు రోజులు ఆగితే గాలి ముదిరిపోయి పని మళ్ళీ ఏడాదికి వాయిదా పడుతుంది. జెట్టీ పూర్తయిందన్న కబురు కోసం విశాఖలో మా ఆఫీసు పెద్దలు కాచుక్కూర్చున్నారు. ఒడ్డున ఊరు ఊరంతా నిలబడి చూస్తోంది. బార్జిని స్తంభాల మధ్యకు దూర్చాం. నీరు తగ్గడం మొదలైంది. అలలు బార్జిని ఎత్తి కుదేస్తున్నాయి. సందు జానెడుకి వచ్చింది. సారు విజిల్ ఊదారు. చేతులు లేచాయి. ఆయన పిలుచుకుంటూ పోయి, "నూకరాజూ" అన్నారు. ఎవరూ పలకలేదు.

నూకరాజు అవతలి స్తంభం దగ్గర పనిచేసే కుర్రాడు. ఆ స్తంభం వెనకవైపు బార్జి మీది నుంచి కనిపించదు. వెళ్ళి చూసొచ్చేంత వ్యవధీ లేదు.

"ఒడ్డుకెల్లుంటాడు సార్, కానిచ్చీండి" అన్నాడు మేస్త్రి సింహాచలం.

"ఎల్లడం సూసావా?"

"సూళ్ళేదు. కానీ సార్..."

"అయితే బార్జి ఎనక్కి లాగీండి."

ఆ అలల్లో వెనక్కి లాగితే దూలం దక్కదని అక్కడ అందరికీ తెలుసు. ఆయనకి అందరికంటే బాగా తెలుసు. తాళ్ళు లాగారు. బార్జి సగం బయటికి వచ్చిందో లేదో, ఒక పెద్ద అల పక్కనుంచి కొట్టింది. దూలం కొస స్తంభానికి గుద్దుకుని పక్కకి తిరిగి, మేము చూస్తూండగానే జారి నీళ్ళలో పడిపోయింది. నెలల తరబడి చేసిన పని అది. ఎవరికీ దెబ్బ తగల్లేదు.

కాసేపటికి నూకరాజు ఒడ్డున రాళ్ళ వెనక నుంచి తువ్వాలు బిగించుకుంటూ వచ్చాడు. పొద్దున్నుంచి కడుపు బాగోలేదట. చెబితే పని మానిపిస్తారేమోనని ఎవరికీ చెప్పకుండా తెప్ప మీద ఒడ్డుకు పోయాడట. మేస్త్రి కొట్టడానికి చెయ్యెత్తాడు. కరీం సారు అడ్డుపడి, ఆ కుర్రాడి రెండు చేతులూ పట్టుకుని అటూ ఇటూ తిప్పి చూసి, ఇసకలో చతికిలబడి టీ ఉందా అని అడిగారు.

నాకు ఒళ్ళు మండిపోయింది. "అతనికేమీ కాలేదు సార్. అనవసరంగా దూలం పోయింది" అన్నాను.

"అవునమ్మా, ఏటీ అవలేదు" అన్నారు, అంతకంటే మంచి కబురు లేదన్నట్టు.

విచారణకి వచ్చిన పెద్దలకు ఆ మాట సరిపోలేదు. దూలం కింద మనిషి లేనప్పుడు ఎందుకు ఆపారని తిప్పితిప్పి అడిగారు. "లేడని ఇప్పుడు తెలుసండి. అప్పుడు తెలీదు" అన్నారు ఆయన. మళ్ళీ అలాంటి పరిస్థితి వస్తే ఏం చేస్తారని అడిగితే, మళ్ళీ ఆపుతానన్నారు. దాంతో ఆయన్ని సైటు నుంచి తీసేసి విశాఖలో గోడౌనుకి వేశారు. ఏడాదిపాటు ఆ జెట్టీ పన్ను ఊడిన నోరులా ఉండిపోయింది.

మరుసటి ఏడు కొత్త దూలం దించే పని నా మీద పడింది. సముద్రం నెమ్మదిగానే ఉంది. అయినా అందరి చేతులూ చూసి, ఒకసారి చాలక రెండోసారీ చూసి, తల ఊపాను. దూలం కూర్చుంది. విశాఖ చేరగానే ఇంటికి కూడా వెళ్ళకుండా గోడౌనుకి పరుగెత్తాను. సారు దూలం సంగతే అడగలేదు. నూకరాజు ఎలా ఉన్నాడు, మేస్త్రి మోకాలి నొప్పి తగ్గిందా అని అందరినీ పేరు పేరునా అడిగి, చివరికి, "బయమేసిందా?" అన్నారు.

"చాలా వేసింది సార్."

"అమ్మో, మరి పర్లేదు" అన్నారు. అంతకుముందు గాని, ఆ తరవాత గాని ఆయన అంత నిబ్బరంగా మాట్లాడగా నేను వినలేదు.

ఆ భయం నాకు ఉద్యోగమంతా తగ్గలేదు. ఎన్నోసార్లు పని ఆపించాను, ఎన్నో మాటలు పడ్డాను. ఆపిన ప్రతిసారీ, పిలిస్తే పలకని ఆ మనిషి ఎక్కడో టీ తాగుతూనో, బీడీ కాలుస్తూనో దొరికాడు. నేను ఆపడం వల్ల ఒక ప్రాణం దక్కిందని చూపించడానికి నా దగ్గర ఈనాటికీ ఒక్క రుజువు లేదు. కరీం సారు కూడా ఆ రుజువు లేకుండానే రిటైరై, లేకుండానే పోయారు. ఎవరికీ ఏమీ కాకపోవడం కంటే ఆయన ఇంకేమీ కోరుకోలేదు.